చిప్ మీద ఫోటాన్ల వ్యతికరణం: డిప్ 71 శాతమే వస్తే తప్పు చిప్‌దేనా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. 405 నానోమీటర్ల లేజర్‌తో పీపీకేటీపీ క్రిస్టల్‌ని (ఒక ఫోటాన్‌ని రెండుగా చీల్చే స్ఫటికం) పంప్ చేసి 810 నానోమీటర్ల ఫోటాన్ జంటలు తీస్తున్నారు. జంటలో ఒకదాన్ని ఒక ఫైబర్‌లో, రెండోదాన్ని ఇంకో ఫైబర్‌లో సిలికాన్ నైట్రైడ్ చిప్‌లోకి పంపి, అక్కడి డైరెక్షనల్ కప్లర్ (పక్కపక్కనే ఉన్న రెండు వేవ్‌గైడ్ల మధ్య, అంటే వెలుతురు నడిచే సన్నని దారుల మధ్య, వెలుతురుని పంచే భాగం) దగ్గర కలుపుతున్నారు. డిలే స్టేజ్ (ఒక ఫోటాన్ దారి పొడవు మార్చే పరికరం) జరుపుతూ కాయిన్సిడెన్సులు, అంటే రెండు డిటెక్టర్లూ ఒకేసారి క్లిక్ అయిన సందర్భాలు, లెక్కపెడితే 71 శాతం లోతు డిప్ (లెక్కలో పల్లం) వచ్చింది. గ్రాఫ్‌లూ సెటప్ ఫొటో కూడా పెట్టారు. గైడ్ గారేమో చిప్ సరిగ్గా రాలేదు, మళ్లీ చేయిద్దాం అంటున్నారు. మీ సందేహాలు మూడు. 71 శాతాన్ని క్వాంటం వ్యతికరణం అని రాసుకోవచ్చా? మిగతా 29 శాతం ఎక్కడ పోయింది? అదే చిప్ మీది మాక్-జెండర్‌లో (వెలుతురుని రెండు దారుల్లో పంపి మళ్లీ కలిపే సర్క్యూట్) కాయిన్సిడెన్సులు సింగిల్స్ (ఒక్కో డిటెక్టర్ విడిగా చూసిన క్లిక్కులు) కన్నా రెండింతలు వేగంగా ఊగుతున్నాయి కాబట్టి అదే రుజువని చూపిస్తే సరిపోదా?

కొత్త చిప్‌కి మాత్రం ఇప్పుడే ఆర్డర్ పెట్టకండి. మీ సెటప్‌లో బయట నుంచి చేయించుకుని తెచ్చింది చిప్ ఒక్కటే, అందుకే అందరి అనుమానం దాని మీదికే పోతుంది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మా ల్యాబుల్లో రోజూ గుర్తొస్తుంది. నిజానికి విజిబిలిటీలో, అంటే డిప్ లోతులో, ఎక్కువ భాగం ఫోటాన్లు చిప్‌ని తాకకముందే పోతుంది.

సిద్ధాంతం మీకు తెలిసిందే, లెక్క కోసం ఒక్కసారి చెబుతాను. సగం-సగం పంచే కప్లర్‌లోకి రెండు వైపుల నుంచి ఒక్కో ఫోటాన్ వస్తే, అవి చెరో దారిన బయటపడటానికి రెండు మార్గాలున్నాయి: రెండూ నేరుగా పోవడం, రెండూ అవతలి వేవ్‌గైడ్‌లోకి దాటడం. దాటిన ప్రతిసారీ 90 డిగ్రీల ఫేజ్ చేరుతుంది కాబట్టి రెండూ దాటితే 180 అవుతుంది. అంటే ఆ రెండు మార్గాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి ఫోటాన్లు ఎప్పుడూ జంటగా ఒకే వైపు వస్తాయి, కాయిన్సిడెన్సులు సున్నాకి పడతాయి. కానీ ఇదంతా ఆ రెండు ఫోటాన్లలో ఏది ఏదో ఏ విధంగానూ చెప్పలేనప్పుడే. రంగు, వచ్చిన సమయం, పోలరైజేషన్, మోడ్ ఆకారం, వీటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా ఆ మేరకు డిప్ పైకి లేస్తుంది. 1987లో రోచెస్టర్ యూనివర్సిటీలో హాంగ్, ఊ, మాండెల్ దీన్ని చూపించినప్పుడు వాళ్లు పేపర్‌కి పెట్టుకున్న విషయం రెండు ఫోటాన్ల మధ్య పికోసెకనులోపు కాల వ్యవధిని కొలవడం. ఇవాళ మనం దాన్ని తిరగేసి ఫోటాన్ల నాణ్యత కొలిచే పరికరంగా వాడుతున్నాం.

మొదటి ప్రశ్నకి జవాబు అవును, ఒక షరతు మీద. ఫేజ్ అడ్డదిడ్డంగా మారే రెండు మామూలు లేజర్ కిరణాలతో కూడా డిప్ వస్తుంది, కాకపోతే అది 50 శాతం దాటదు. విజిబిలిటీ అంటే ఇక్కడ బయట ఉన్న లెక్కలోంచి అడుగు లెక్క తీసేసి, బయట లెక్కతో భాగించడం. 71 అనేది 50 కన్నా పైన ఉంది, మంచిదే. అయితే మీ గ్రాఫ్‌లో ఎర్రర్ బార్లు లేవు. డిప్ బయట 400, అడుగున 116 లెక్కలుంటే విజిబిలిటీ 71 శాతమే, కానీ దాని మీద 3 శాతం దాకా ఊగిసలాట ఉంటుంది. ఒక్కో పాయింట్ దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు కూర్చోండి.

ఇక షరతు. డిలే స్టేజ్ జరుగుతున్నంతసేపూ రెండు డిటెక్టర్ల సింగిల్స్ కూడా అదే గ్రాఫ్‌లో గీయాలి. వ్యతికరణం నిజమైతే కాయిన్సిడెన్సులు పడిపోతాయి గానీ సింగిల్స్ కదలవు. స్టేజ్ కదిలేకొద్దీ కిరణం పక్కకి జారి ఫైబర్‌లోకి తక్కువ వెలుతురు పోతుంటే రెండూ కలిసి పడతాయి, దూరం నుంచి చూస్తే అది కూడా డిప్‌లాగే కనిపిస్తుంది. సింగిల్స్ రెండు మూడు శాతం మించి మారుతుంటే ఫిట్టింగ్ జోలికి వెళ్లకుండా ముందు స్టేజ్ అలైన్‌మెంట్ చూసుకోండి.

ఇప్పుడు ఆ 29 శాతం సంగతి. మొదట కప్లర్ మీద ఉన్న నింద తీసేద్దాం, ఎందుకంటే దీన్ని లెక్కగట్టి చెప్పొచ్చు. కప్లర్ సగం-సగం కాకపోతే గరిష్ఠంగా ఎంత విజిబిలిటీ వస్తుందంటే: రెండు వాటాల లబ్ధానికి రెండింతలు తీసుకుని, ఆ వాటాల వర్గాల మొత్తంతో భాగించాలి. 55:45 కప్లర్‌కి ఇది 98 శాతం. 60:40 అయినా 92 శాతం. మీకొచ్చిన 71 శాతానికి కప్లర్ ఒక్కటే కారణం కావాలంటే అది 71:29 దాకా పక్కకి పోయి ఉండాలి. అంత తప్పు పవర్ మీటర్‌తోనే కనబడుతుంది. మూడో వంతు పంచే కప్లర్‌ని కావాలనే పెట్టే సర్క్యూట్లు కూడా ఉన్నాయి, సీనాట్ గేట్ అనే క్వాంటం లాజిక్ సర్క్యూట్ అలాంటిదే. అక్కడ అన్నీ సవ్యంగా ఉన్నా 80 శాతమే వస్తుంది, అది లోపం కాదు.

మరి వాటాలు కొలవడమెలా? ఫైబర్‌కీ చిప్‌కీ మధ్య ప్రతి పోర్టు దగ్గరా నష్టం వేరువేరుగా ఉంటుంది, అందుకని రెండు అవుట్‌పుట్‌ల పవర్‌ని నేరుగా పోల్చి చూస్తే అంకె తప్పు వస్తుంది. 810 నానోమీటర్ల లేజర్ పెట్టి నాలుగు కొలతలు తీసుకోండి: ఒకటో ఇన్‌పుట్ నుంచి రెండు అవుట్‌పుట్‌లకి, రెండో ఇన్‌పుట్ నుంచి రెండు అవుట్‌పుట్‌లకి. నేరుగా పోయిన రెండు పవర్లను గుణించి, దాటిన రెండు పవర్ల లబ్ధంతో భాగించండి. ప్రతి పోర్టు నష్టమూ పైనా కిందా ఒక్కోసారి వచ్చి కొట్టేసుకుపోతుంది. మిగిలినదాని వర్గమూలమే మీ కప్లర్ అసలు నిష్పత్తి. ఈ పని పూటలో అయిపోతుంది, పైగా గైడ్ గారి ముందు పెట్టడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది. లేజర్ పోలరైజేషన్ మాత్రం ఫోటాన్లదే అయ్యుండాలి, ఎందుకంటే టీఈకి (చిప్ తలానికి సమాంతరమైన పోలరైజేషన్) సగం పంచే కప్లర్ టీఎమ్‌కి (దానికి లంబమైనది) అలా పంచదు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీరిపోవాలి. చిప్‌లో, అంచుల దగ్గర లాస్ ఎక్కువుంది కాబట్టి విజిబిలిటీ తగ్గింది అంటుంటారు. కాదు. ఒక్కో ఫోటాన్‌కి 10 డీబీ నష్టముంటే సింగిల్స్ పదో వంతుకి, కాయిన్సిడెన్సులు నూరో వంతుకి పడతాయి. కానీ డిప్ బయటా లోపలా అదే నిష్పత్తిలో పడతాయి కాబట్టి లోతు మారదు. లాస్ తినేది మీ రాత్రుళ్లనే, డేటా తీయడానికి అంతంత సేపు పడుతుంది. సింగిల్స్ బాగా పడిపోయి డార్క్ కౌంట్లు (వెలుతురు లేకున్నా డిటెక్టర్ ఇచ్చే క్లిక్కులు) వాటిలో చెప్పుకోదగ్గ వాటా అయినప్పుడు మాత్రం లోతు మీద కూడా దెబ్బ పడుతుంది.

అసలు అనుమానితులు మిగిలాయి. వీటిలో నేను మొదట చూసేది యాక్సిడెంటల్స్, అంటే జంట కాని రెండు ఫోటాన్లు కాకతాళీయంగా ఒకే విండోలో (రెండు క్లిక్కుల్ని ఒకేసారి వచ్చినట్టు లెక్కపెట్టే కాల వ్యవధి) పడటం. రెండు సింగిల్స్ రేట్లను గుణించి విండో వెడల్పుతో మళ్లీ గుణిస్తే అవెన్నో తెలుస్తుంది. ఉదాహరణకి సెకనుకి 4 లక్షల సింగిల్స్ చొప్పున, విండో 5 నానోసెకన్లు అనుకోండి. సెకనుకి 800 యాక్సిడెంటల్స్. మీ కాయిన్సిడెన్సులు మొత్తం 4000 అయితే అందులో ఐదో వంతు ఇవే. వీటికి డిలేతో సంబంధం లేదు, డిప్ అడుగున కూడా 800 అలాగే ఉంటాయి. ఫోటాన్లు పరిపూర్ణంగా ఉన్నా మీ డిప్ 80 శాతం దాటదు. విండోని 1 నానోసెకనుకి తగ్గిస్తే ఆ 800 కాస్తా 160 అవుతుంది. టైమ్ ట్యాగర్ (ఒక్కో క్లిక్ వచ్చిన సమయం నమోదు చేసే పరికరం) సాఫ్ట్‌వేర్‌లో మొదట్లో ఎవరో పెట్టిన విండో విలువని తర్వాత ఎవరూ తిరిగి చూడరు, మీదెంతుందో ఇప్పుడే చూడండి. స్పాడ్‌ల (ఒక్కో ఫోటాన్‌ని పట్టే డిటెక్టర్ల) జిట్టర్, అంటే క్లిక్ సమయంలో ఊగిసలాట, కొన్ని వందల పికోసెకన్లుంటుంది కాబట్టి మరీ బిగిస్తే అసలు జంటలే అంచుల్లో తెగిపోతాయి.

దీన్ని సరిచూసుకోవడానికి ఇంకో దారి, పంప్ పవర్ సగం చేయడం. నిజమైన జంటలు పవర్‌తో పాటు సగమవుతాయి, యాక్సిడెంటల్స్ నాలుగో వంతు అవుతాయి. పవర్ తగ్గించగానే డిప్ లోతు పెరిగితే దొంగ దొరికినట్టే. యాక్సిడెంటల్స్ తీసేసిన విజిబిలిటీ ఇవ్వడం తప్పు కాదు, కానీ తీయకముందుదీ పక్కనే ఇవ్వండి. తీసేసిన అంకె ఒక్కటే ఉన్న పేపర్ చూస్తే నాకు నమ్మకం కుదరదు. నైట్రైడ్‌తో ఇంకో తంటా కూడా ఉంది. 405 పంప్ కాస్త ఫిల్టర్ తప్పించుకుని చిప్‌లోకి దూరితే ఆ పదార్థం తనే ఫ్లోరెసెన్స్ ఇస్తుంది. సింగిల్స్ అనవసరంగా పెరిగి యాక్సిడెంటల్స్‌ని పెంచుతాయి. చిప్ ముందు లాంగ్‌పాస్ ఫిల్టర్ పెడితే ఈ గొడవ పోతుంది.

రెండోది రంగు. టైప్-2 పీపీకేటీపీలో (రెండు ఫోటాన్లూ ఒకదానికొకటి లంబమైన పోలరైజేషన్లతో పుట్టే రకం) రెండు ఫోటాన్ల తరంగదైర్ఘ్యాలు ఒకటి కావాలంటే ఓవెన్ ఉష్ణోగ్రత సరిగ్గా ఉండాలి. అది కొంచెం పక్కకి పోతే ఒకటి 809 వైపు, ఇంకోటి 811 వైపు జరుగుతాయి. స్పెక్ట్రోమీటర్ లేకపోయినా డిప్ ఆకారమే దీన్ని పట్టిస్తుంది. అడుగు పైకి లేచి, డిప్‌కి రెండు పక్కలా లెక్కలు మామూలు స్థాయి కన్నా పైకి ఉబ్బి మళ్లీ దిగుతుంటే కేంద్రాలు కలవలేదని అర్థం, అది రెండు రంగుల మధ్య బీటింగ్. మీరు పెట్టిన గ్రాఫ్‌లో ఎడమ భుజం దగ్గర రెండు మూడు పాయింట్లు అలాగే లేచి ఉన్నాయి. అది నాయిస్ కూడా అయ్యుండొచ్చు, కానీ నేనైతే ఓవెన్‌ని కొంచెం కొంచెంగా మారుస్తూ ప్రతిసారీ డిప్ అడుగు చూస్తాను. ఇంకో మాట, ఫిల్టర్ లేని టైప్-2 జంటలకి డిప్ సహజంగా త్రికోణంలా వస్తుంది. మీరు దాని మీద గౌసియన్ కూర్చోబెట్టారు. ఫిట్ చూపించే అడుగుకీ అసలు డేటా అడుగుకీ తేడా వస్తుంది, అక్కడ కూడా ఒకటి రెండు శాతం పోయుంటాయి.

మూడోది పోలరైజేషన్. మీ విషయంలో నా పందెం దీని మీదే. టైప్-2లో రెండు ఫోటాన్లూ పుట్టడమే లంబంగా పుడతాయి. వాటిని పోలరైజింగ్ బీమ్ స్ప్లిటర్‌తో విడదీసి, చెరో ఫైబర్‌లో చిప్ దాకా తెచ్చి, అక్కడ రెండిటినీ ఒకే పోలరైజేషన్‌కి తేవాలి. మామూలు సింగిల్ మోడ్ ఫైబర్ ఎక్కడ వంగితే అక్కడ పోలరైజేషన్ తిప్పేస్తుంది. ఆ రెండిటి మధ్య 20 డిగ్రీల తేడా ఉంటే విజిబిలిటీ 88 శాతానికి దిగుతుంది, 32 డిగ్రీలుంటే 72కి. చిప్‌లో టీఈ, టీఎమ్‌లకి కప్లర్ వేరుగా పంచుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకాస్త చిక్కుగా ఉంటుంది, కానీ దెబ్బ మాత్రం ఆ స్థాయిలోనే.

మీ ఫొటోలో ఫైబర్లు టేబుల్ అంచు నుంచి గాల్లో వేలాడుతున్నాయి, ప్యాడిల్ కంట్రోలర్ (ఫైబర్‌ని మెలితిప్పి పోలరైజేషన్ సరిచేసే పరికరం) ఒక ఫైబర్‌కే ఉంది. రెండో ఫైబర్‌కి కూడా పెట్టండి, రెండిటినీ టేప్‌తో టేబుల్‌కి అంటించేయండి. ఏసీ గాలి తగులుతున్నా రాత్రికి రాత్రి అంతా తిరిగిపోతుంది. సాయంత్రం సెట్ చేసి ఇంటికి వెళ్లి పొద్దున వచ్చి చూస్తే డిప్ సగమైపోయిందని తలపట్టుకునే వాళ్లలో చాలామందికి అసలు కారణం ఇదే. పోలరైజేషన్‌ని నిలబెట్టే పీఎమ్ ఫైబర్ కొనగలిగితే ఈ టెన్షన్ తగ్గుతుంది, అక్కడ కూడా కనెక్టర్ కీ దిశ సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. సెట్ చేసే పద్ధతి ఇది: చిప్ అవుట్‌పుట్‌ని లెన్స్‌తో బయటికి తీసి పోలరైజర్ పెట్టండి. ఒక ఇన్‌పుట్ మూసేసి, రెండోదాని ప్యాడిల్స్ తిప్పుతూ టీఎమ్ వైపు వెలుతురు వీలైనంత చంపండి. తర్వాత ఇది మూసి అది. ఎక్కువ వెలుతురు కోసం వెతకడం కన్నా తక్కువ వెలుతురు కోసం వెతికితే కచ్చితంగా కుదురుతుంది.

డిప్ అసలు దొరకని వాళ్ల కోసం కూడా ఒక ముక్క. 810 దగ్గర 3 నానోమీటర్ల ఫిల్టర్‌కి డిప్ వెడల్పు మిల్లీమీటర్‌లో నాలుగైదో వంతే ఉంటుంది. రెండు ఫైబర్ల పొడవుల్లో ఒక్క సెంటీమీటర్ తేడా ఉంటే గాలిలో దాదాపు 15 మిల్లీమీటర్లు సరిచేయాలి. చిన్న స్టేజ్ అయితే డిప్ దాని ప్రయాణం దాటి బయటే ఉండిపోవచ్చు. గుడ్డిగా జరపకుండా ముందు టైమ్ ట్యాగర్ హిస్టోగ్రామ్ చూడండి. డిలే బాగా ఉన్నప్పుడు అక్కడ రెండు శిఖరాలు కనబడతాయి, రెండూ నేరుగా వెళ్లినవి ఒకటి, రెండూ దాటినవి ఇంకోటి. వాటి మధ్య దూరం మీ డిలేకి రెండింతలు. అవి దగ్గరై ఒకటైపోయే చోటికి ఫైబర్ మార్చో, స్టేజ్ జరిపో తెచ్చుకున్నాక సన్నగా స్కాన్ మొదలుపెట్టండి.

ఇక మాక్-జెండర్. ఇక్కడ చాలామంది తెలివైనవాళ్లు కూడా పడతారు. రెండింతల వేగంతో ఊగడం ఒక్కటే క్వాంటం అనడానికి చాలదు. మామూలు లేజర్‌ని బాగా పలుచన చేసి ఒకే ఇన్‌పుట్‌లోకి పంపండి. ఒక అవుట్‌పుట్ పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది, కాయిన్సిడెన్సులు ఆ రెండిటి లబ్ధం కాబట్టి అవి కూడా రెండింతల వేగంతోనే, అదీ పూర్తి లోతుతో ఊగుతాయి. అందులో క్వాంటం ఏమీ లేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఫోటాన్లు చెరో ఇన్‌పుట్ నుంచి వచ్చినా రెండింతల ఊపే ఉంటుంది, కాకపోతే కనిష్ఠం గరిష్ఠంలో సగం దగ్గర ఆగిపోతుంది. కాబట్టి చూడాల్సినవి రెండు. చెరో ఇన్‌పుట్ నుంచి ఒక్కో ఫోటాన్ వెళ్తున్నప్పుడు హీటర్ (ఒక దారిని వేడిచేసి ఫేజ్ మార్చేది) ఎంత మార్చినా సింగిల్స్ సమతలంగా ఉండాలి, కాయిన్సిడెన్సుల కనిష్ఠం గరిష్ఠంలో సగం కన్నా బాగా కిందికి దిగాలి. మీ గ్రాఫ్‌లో సింగిల్స్ కూడా ఊగుతున్నాయి. ఒక ఇన్‌పుట్ ఫైబర్ నుంచి రెండోదానికన్నా బాగా ఎక్కువ వెలుతురు వస్తోందేమో చూసుకోండి. గ్రాఫ్‌ని హీటర్ వోల్టేజీకి కాకుండా పవర్‌కి గీయండి, ఫేజ్ పవర్‌తో సమానంగా పెరుగుతుంది. వోల్టేజీకి గీస్తే కుడివైపు అలలు దగ్గరదగ్గరగా నలిగిపోయి కనబడతాయి.

చిప్ మీద ఇది ఎంత బాగా రాగలదో తెలియాలంటే రెండు ఫలితాలు చాలు. 2008లో బ్రిస్టల్‌లో పొలిటి, క్రయన్, రారిటీ, యూ, ఓబ్రయన్ సిలికాన్ మీది సిలికా వేవ్‌గైడ్లలో బయట క్రిస్టల్ నుంచి తెచ్చిన 804 నానోమీటర్ల జంటలతో 94.8 శాతం విజిబిలిటీ చూపించారు. మీ సెటప్‌కి దగ్గరి చుట్టం అదే. 2014లో బ్రిస్టల్ నుంచే సిల్వర్‌స్టోన్, సహచరులు జంటలు పుట్టే మూలాలనీ వ్యతికరణాన్నీ ఒకే సిలికాన్ చిప్ మీద పెట్టి దాదాపు 100 శాతం తెచ్చారు. మధ్యలో ఫైబర్ లేదు, ప్యాడిల్ లేదు, డిలే స్టేజ్ లేదు. నష్టం ఎక్కడ జరుగుతోందో ఆ రెండు అంకెల మధ్య తేడాలోనే కనబడుతుంది.

కాబట్టి రేపు ల్యాబ్‌కి వెళ్లగానే చిప్‌ని పక్కన పెట్టి, 810కి పనిచేసే సగం-సగం ఫైబర్ కప్లర్‌లో అవే ఫోటాన్లతో డిప్ తీయండి. అక్కడ కూడా 70 చిల్లరే వస్తే చిప్ నిర్దోషి, పైన చెప్పిన మూడింటినీ వరసగా చూసుకుంటూ రండి. అక్కడ 95 వచ్చి చిప్‌లో మాత్రం 71 వస్తే అప్పుడు చిప్‌ని అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దీన్ని ఏ తరంగదైర్ఘ్యానికి డిజైన్ చేశారు? 1550 నానోమీటర్లకి గీసిన వేవ్‌గైడ్‌లో 810 వెలుతురు ఒకటి కన్నా ఎక్కువ మోడ్‌లలో నడుస్తుంది, వేరే మోడ్‌లో ఉన్న ఫోటాన్ ఇంకోదానితో కలవదు. కనిపెట్టడం కష్టం కాదు. లేజర్ పెట్టి ఇన్‌పుట్ ఫైబర్‌ని ఒక మైక్రాన్ అటూ ఇటూ జరపండి. రెండు అవుట్‌పుట్‌లూ కలిసి తగ్గితే అది కేవలం కప్లింగ్ నష్టం. ఒకటి పెరిగి ఇంకోటి తగ్గితే, అంటే పంపకమే మారిపోతుంటే, లోపల ఒకటి కన్నా ఎక్కువ మోడ్‌లున్నాయి. గైడ్ గారన్నట్టు కొత్త చిప్ నిజంగా కావాల్సింది ఆ ఒక్క సందర్భంలోనే. ఆ నాలుగు పవర్ కొలతలు, విండో వెడల్పు, రెండు సింగిల్స్ రేట్లు ఇక్కడ పెట్టండి, మిగతా లెక్క కలిసి వేద్దాం.